గుర్తింపు లేని సెమినరీలో 96 క్రెడిట్లు: వేరే కళాశాలలో లెక్కకు వస్తాయా?

కొత్తనూరు_విద్యార్థి | సోమవారం, రాత్రి 10:12

అందరికీ వందనాలు. మాది చీరాల దగ్గర పల్లె. బెంగళూరు వచ్చి ఆరేళ్ళయింది. మొదట ఒక కొరియర్ కంపెనీలో పనిచేశాను. తరువాత ఇక్కడే ఒక సెమినరీలో మూడేళ్ళు బి.టి.హెచ్., అంటే క్రైస్తవ వేదాంతంలో డిగ్రీ, చదివి నిరుడు పట్టా పుచ్చుకున్నాను. సెమినరీ పేరు చెప్పను. అక్కడ చదువు చెప్పిన ఇద్దరు ఉపాధ్యాయులంటే నాకు ఇప్పటికీ గౌరవమే.

నా మార్కుల జాబితాలో సబ్జెక్టుకు ఇన్నని ఇచ్చే క్రెడిట్లు మొత్తం 96 ఉన్నాయి. ఇప్పుడు బి.డి., అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, చదవాలని ఉంది. మొన్న ఒక కళాశాలకు వెళ్ళి అడిగితే, కౌంటరులో ఉన్న మేడమ్ జాబితాను అటూ ఇటూ తిప్పి, "మీ సంస్థకు ఎవరి గుర్తింపు ఉంది?" అన్నారు. పట్టా కింద బంగారు రంగు ముద్ర, దాని చుట్టూ అంతర్జాతీయ గుర్తింపు అన్న అక్షరాలు ఉన్నాయి. అదే చూపించాను. ఆమె కళ్ళజోడు సవరించుకుని దగ్గరగా చూసి, "ఈ ముద్ర ఎవరిది బాబూ?" అని అడిగారు. నాకు తెలియదు. మూడేళ్ళు ఆ భవనంలోనే తిన్నాను, పడుకున్నాను. ఆ మాట అడగాలని ఒక్కనాడూ తోచలేదు.

ఆ 96లో ఎన్ని లెక్కకు వస్తాయి? అన్నీ పోయి మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టాలా? మా నాన్న రొయ్యల చెరువు దగ్గర కాపలా పని చేస్తారు. ఏడాదికి 38 వేల చొప్పున ఫీజు ఆయనే కట్టారు. ఈ సంగతి ఆయనకు ఎలా చెప్పాలో తెలియక ముందు మిమ్మల్ని అడుగుతున్నాను.

సువార్త_సైకిల్ | సోమవారం, రాత్రి 10:40

తమ్ముడూ, వందనాలు. హొస్కోటె దగ్గర ఇరవై రెండేళ్ళుగా తెలుగు క్రైస్తవ సంఘాన్ని నడిపిస్తున్నాను. నా దగ్గర ఒక్క క్రెడిట్ కూడా లేదు. పేతురు వలలు వదిలి వచ్చాడు గాని పట్టా పట్టుకుని రాలేదు. పెళ్ళిళ్ళు జరిపించడానికి కూడా సెమినరీ డిగ్రీ అక్కరలేదు. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం కింద ప్రభుత్వం బోధకులకు లైసెన్సు ఇస్తుంది, అది ఉంటే చాలు. దిగులుపడకు. పిలుపు ఉన్నవాడికి పని దొరుకుతుంది.

నిప్పులాంటి_నిజం | సోమవారం, రాత్రి 11:05

పాస్టర్ గారూ, అబ్బాయి అడిగింది పిలుపు గురించి కాదు, లక్షా పద్నాలుగు వేల గురించి.

ఇలాంటి దుకాణాలు ఈ ఊళ్ళో వీధికొకటి. అద్దెకు తెచ్చిన గౌను, బంగారు ముద్ర, ఫ్లెక్సీ మీద పేరుకు ముందు డాక్టర్. మా వీధిలో అలాంటి డాక్టర్లు ముగ్గురున్నారు, జ్వరం వస్తే ఒక్కరూ పనికిరారు. తమ్ముడూ, ఆ 96 అంకెను మరిచిపో. అవి సున్నా.

పాత_ఫైళ్ళు | మంగళవారం, ఉదయం 6:20

సున్నా అని రాత్రి పదకొండు గంటలకు తీర్పు చెప్పడం తేలిక. నేను ఒక వేదాంత కళాశాల రిజిస్ట్రార్ ఆఫీసులో పంతొమ్మిదేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి జాబితాలు వందల కొద్దీ నా బల్ల మీదకు వచ్చాయి. కాస్త నెమ్మదిగా చెబుతాను, వినండి.

క్రెడిట్ అంటే రూపాయి నోటు అనుకుంటారు చాలామంది. కాదు, అది ఊళ్ళో కిరాణా కొట్టువాడి ఖాతా పుస్తకం లాంటిది. ఆ కొట్టులో మీ పేరు మీద జమ ఉంది, సరే. పక్క ఊరి కొట్టువాడు దాన్ని చూసి బియ్యం ఇవ్వాలా వద్దా అన్నది అతని ఇష్టం. రెండు కొట్లకూ ఒకే షావుకారు హామీ ఉంటే మాట్లాడకుండా ఇస్తాడు. ఆ హామీనే గుర్తింపు అంటాం. ఇచ్చిన సంస్థ "ఇవి ఎక్కడైనా చెల్లుతాయి" అని ఎంత గట్టిగా చెప్పినా ప్రయోజనం లేదు, పుచ్చుకునే సంస్థ ఒప్పుకోవాలి.

ఇక మన దేశంలో వేదాంత విద్యకు ఆ షావుకార్లు ఎవరు? మొదటిది సెరంపూర్. కేరీ, మార్ష్‌మన్, వార్డ్ 1818లో పెట్టిన కళాశాల అది. 1827లో డెన్మార్క్ రాజు ఆరో ఫ్రెడరిక్ ఇచ్చిన సనదుతో డిగ్రీలిచ్చే అధికారం వచ్చింది. 1918లో చేసిన సెరంపూర్ కళాశాల చట్టం ఆ అధికారాన్ని ఖాయం చేసింది. ఇక్కడ మిల్లర్స్ రోడ్డులోని యునైటెడ్ థియలాజికల్ కాలేజీ, చెన్నైలో గురుకుల్, హైదరాబాదులో ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ, ఇవన్నీ ఆ గొడుగు కింద ఉన్నాయి. సి.ఎస్.ఐ., లూథరన్ వంటి పాత సంఘాల్లో పాస్టరుగా అభిషేకం కావాలంటే సాధారణంగా చూసేది ఆ బి.డి.నే. రెండోది 1970లో ఏర్పడిన ఆసియా థియలాజికల్ అసోసియేషన్, ఏ.టి.ఏ. అంటారు. నువ్వు రోజూ చూస్తూ వెళ్ళే కొత్తనూరు సాయాక్స్ సెమినరీకి దాని గుర్తింపు ఉంది. సెమినరీల మధ్య ఆ మాటకు విలువ ఉంది గాని ప్రభుత్వ ఉద్యోగానికి అది విశ్వవిద్యాలయ డిగ్రీగా లెక్కకు రాదు. ఇవి గాక మామూలు విశ్వవిద్యాలయాలున్నాయి. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ హోదా ఉన్నవాటికి, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారం ఇచ్చినవాటికి మాత్రమే ఉంది. అందుకే జాగ్రత్తగల కొన్ని బైబిల్ కళాశాలలు తమ కాగితం మీద డిగ్రీ అని రాయక డిప్లొమా అని రాస్తాయి.

ఇప్పుడు నాలుగు సంగతులు చెప్పు. ఇంటర్ పాసయ్యావా? ఈ బి.టి.హెచ్. కాక వేరే డిగ్రీ ఏదైనా ఉందా? జాబితాలో ప్రతి సబ్జెక్టుకూ తరగతి గంటలు రాసి ఉన్నాయా? ఏయే సబ్జెక్టులు?

నిప్పులాంటి_నిజం | మంగళవారం, ఉదయం 8:02

ఆ 24వ సెక్షన్ కూడా చెప్పండి సార్. హక్కు లేకుండా డిగ్రీలిచ్చినవాళ్ళకు జరిమానా ఎంతో తెలుసా? వెయ్యి రూపాయల వరకు. ఒక విద్యార్థి హాస్టల్ బకాయి కంటే తక్కువ.

కొత్తనూరు_విద్యార్థి | మంగళవారం, మధ్యాహ్నం 1:30

అయ్యగారూ, ఇంత ఓపికగా రాసినందుకు వందనాలు. ఇంటర్ పాసయ్యాను. చీరాలలో బి.కాం. కూడా చేశాను, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం పట్టా ఉంది. 52 శాతమే వచ్చింది. వేదాంతానికి, దానికి సంబంధం లేదని అప్లికేషన్‌లో రాయలేదు. చిన్న మార్కులు చూపించుకోవడం ఎందుకనిపించింది.

గంటలు రాసి లేవు. సబ్జెక్టు పేరు, పక్కన 3, ఆ పక్కన గ్రేడు. అంతే. పాత నిబంధన, కొత్త నిబంధన, గ్రీకు రెండు సెమిస్టర్లు, సంఘ చరిత్ర, క్రైస్తవ సిద్ధాంతం, ప్రసంగ శాస్త్రం, ఇలా 32 సబ్జెక్టులు. ఇప్పుడు చూస్తుంటే 'పౌలు పత్రికలు' ఒకటి, 'పౌలు జీవితం, పత్రికలు' ఇంకొకటి కనిపిస్తున్నాయి. రెండింటికీ చదివింది ఒకే నోట్సు.

పాత_ఫైళ్ళు | మంగళవారం, మధ్యాహ్నం 2:10

నాయనా, తాళంచెవి జేబులో పెట్టుకుని తలుపు బాదుతున్నావు.

బి.డి.లో చేరడానికి నీ అర్హత ఆ బి.కాం.! నువ్వు దాచిపెట్టిన కాగితమే వాళ్ళు ముందుగా అడిగే కాగితం. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం డిగ్రీ, నీ సంఘం సిఫారసు లేఖ, కళాశాల పెట్టే ప్రవేశ పరీక్ష, ఇవి చూసి సీటిస్తారు. శాతం గురించి ఆయా కళాశాలను అడుగు, కాని దాన్ని దాచకు. బి.టి.హెచ్.ను అర్హతగా చూపించబోయావు కాబట్టి ఆమె ముద్ర ఎవరిదని అడిగింది. బి.కాం. చూపించి ఉంటే ఆ ప్రశ్నే వచ్చేది కాదు.

సీటు వేరు, ముందే చదివిన సబ్జెక్టులకు మినహాయింపు వేరు. ముందు సీటు సంగతి చూడు.

డల్లాస్_బాబాయి | మంగళవారం, రాత్రి 9:15

ఇక్కడి సంగతి కూడా చెబుతాను. చాలామంది పిల్లలు "అమెరికా గుర్తింపు" అన్న మాటకు పడిపోతున్నారు. ఫ్లోరిడా లాంటి కొన్ని రాష్ట్రాల్లో మతవిద్య మాత్రమే నేర్పే సంస్థలకు లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. మినహాయింపు పత్రం పటం కట్టించి గోడకు తగిలిస్తారు, చూసినవాళ్ళు అది గుర్తింపు అనుకుంటారు. నిజమైన గుర్తింపు ఇచ్చే సంఘాలు వేరే ఉన్నాయి. సెమినరీలకు ఏ.టి.ఎస్., బైబిల్ కళాశాలలకు ఏ.బి.హెచ్.ఇ., ఇంకా ట్రాక్స్. వీటిని అమెరికా విద్యాశాఖ గుర్తించింది. ముద్ర మీద ఉన్న సంఘం పేరు విద్యాశాఖ జాబితాలో లేకపోతే, ఆ ముద్రకు బంగారు రంగే మిగులుతుంది.

క్రెడిట్ లెక్క కూడా వినండి. ఇక్కడ ఒక క్రెడిట్ అంటే సుమారు పదిహేను వారాల పాటు వారానికి ఒక గంట తరగతి, రెండు గంటలు సొంత చదువు. అంటే మూడు క్రెడిట్ల సబ్జెక్టుకు తరగతి గదిలోనే 45 గంటలు. ఏ.టి.ఎస్. సెమినరీలో ఎం.డివ్., అంటే మాస్టర్ ఆఫ్ డివినిటీ, కనీసం 72 క్రెడిట్లు. నీ 96 చూసి వాళ్ళకు ముందు వచ్చే అనుమానం, ఇవి ఎన్ని గంటల 96 అని.

అయినా తలుపులు పూర్తిగా మూసి ఉండవు. గుర్తింపు లేని చోట చదివినవాళ్ళను కొన్ని సెమినరీలు పరీక్ష పెట్టి, మొదటి సెమిస్టరు మార్కులు చూసి, షరతు మీద తీసుకుంటాయి. ఏ సెమినరీ అయినా క్రెడిట్లు ఒప్పుకుని తీరాలన్న కేంద్ర చట్టం మాత్రం ఇక్కడా లేదు. ఇంకొక మాట. విదేశీ డిగ్రీలను తూచే సంస్థలు ఉన్నాయి కదా, వాటికి డబ్బు కట్టి పంపితే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకండి. సొంత దేశంలో గుర్తింపు లేని కాగితాన్ని అవి సాధారణంగా తూచవు.

కొత్తనూరు_విద్యార్థి | మంగళవారం, రాత్రి 11:48

బాబాయి గారు గంటలు అనగానే పాత డైరీ తీశాను. గ్రీకు మొదటి సెమిస్టరు శనివారం శనివారం జరిగేది. సార్ హొసూరు నుంచి బస్సులో వచ్చేవారు. పద్నాలుగు శనివారాలు, రెండేసి గంటలు. 28 గంటలు. ఇంకో రెండు శనివారాలు బంద్ అని, వాన అని పోయాయి.

సంఘ చరిత్రకు డైరీలో తొమ్మిది తరగతులే ఉన్నాయి. తరువాత అంతా "నోట్సు చదువుకోండి" అని రాసుకున్నాను.

కమ్మనహళ్ళి_అక్క | బుధవారం, ఉదయం 10:30

తమ్ముడూ, ఆ డైరీ పారేయకు. నా కథ చెబుతాను.

నేను చెన్నైలో రెండేళ్ళు ఒక చిన్న బైబిల్ స్కూల్లో డిప్లొమా చదివాను. దానికి ఎవరి గుర్తింపూ లేదు. పైగా ఉందని వాళ్ళు ఎన్నడూ చెప్పలేదు. చేరిన రోజునే ప్రిన్సిపాల్ అమ్మగారు "ఈ కాగితం సంఘంలో పనికొస్తుంది, ఆఫీసులో పనికిరాదు" అని చెప్పి చేర్చుకున్నారు. నిప్పు గారూ, మీరు అన్నింటినీ ఒకే గాట కడుతున్నారు, అది న్యాయం కాదు. పల్లె సంఘాలకు బోధకులను తయారుచేసే ఇలాంటి బడులు గుర్తింపు కోసం దరఖాస్తే పెట్టవు. పెట్టాలంటే గ్రంథాలయం, పెద్ద చదువుల ఉపాధ్యాయులు, తనిఖీ ఖర్చు, ఇవన్నీ ఎక్కడి నుంచి తెస్తారు? గుర్తింపు లేకపోవడం తప్పు కాదు. లేనిదాన్ని ఉందని ముద్ర వేయడమే తప్పు.

తరువాత బెంగళూరులో ఏ.టి.ఏ. గుర్తింపు ఉన్న కళాశాలకు వచ్చాను. డిప్లొమాలో నాకు 60 క్రెడిట్లు ఉంటే వాళ్ళు ఒప్పుకున్నవి తొమ్మిది. ఆ తొమ్మిది ఎలా వచ్చాయో చెప్పాలి. మార్కుల జాబితాను డీన్ గారు చూడనే లేదు, పక్కన పెట్టేశారు. రూతు గ్రంథం మీద నేను రాసిన నలభై పేజీల వ్యాసం నా దగ్గర ఉంది. అమ్మగారు ప్రతి పేజీలో ఎర్ర సిరాతో దిద్దారు. ఒకచోట "ఇది నీ మాటా, వ్యాఖ్యానకర్త మాటా?" అని రాశారు. డీన్ గారు ఆ పేజీ దగ్గర ఆగి, నన్ను అదే ప్రశ్న మళ్ళీ అడిగారు. అరగంట మాట్లాడించారు. పాత నిబంధనలో రెండు సబ్జెక్టులు, ప్రసంగ శాస్త్రం ఒకటి మళ్ళీ చదవనక్కరలేదని వదిలేశారు, అదీ మొదటి సెమిస్టరులో బి గ్రేడు తగ్గకూడదన్న షరతుతో.

కాబట్టి నోట్సు, దిద్దిన జవాబు పత్రాలు, ప్రశ్నపత్రాలు, ఏ పుస్తకాలు చదివించారో ఆ జాబితా, అన్నీ వెతికి పెట్టుకో.

పాత_ఫైళ్ళు | బుధవారం, ఉదయం 11:15

అమ్మా, నేను చెప్పబోయిన మాట నువ్వే చెప్పావు. దానికి ఒక్కటి కలుపుతాను: పాఠం చెప్పినవారు ఏం చదివారు అన్నది. గ్రీకు సార్ సెరంపూర్ ఎం.టి.హెచ్. (వేదాంతంలో పీజీ) అయితే, ఆయన సంతకంతో సిలబస్ తీసుకురా. దానికి ఆ బంగారు ముద్ర కంటే బరువుంటుంది.

పదోతరగతి_పాసు | బుధవారం, సాయంత్రం 6:50

నాది ఇంకా కష్టం అండీ. పదో తరగతి తరువాత నేరుగా బి.టి.హెచ్., దాని మీద ఎం.డివ్. కూడా అదే సెమినరీలో చేశాను. మారతహళ్ళిలో ఉంటున్నాను. ఈ రెండిటినీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో వేసుకుంటే ఏ కళాశాలకైనా మారవచ్చని ఒకరు చెప్పారు. డిజిలాకర్‌లో ఎంత వెతికినా మా సెమినరీ పేరు రావడం లేదు.

పాత_ఫైళ్ళు | బుధవారం, సాయంత్రం 7:30

రాదు. ఆ బ్యాంకును 2021లో యూజీసీ నియమాలతో పెట్టారు. అందులో నమోదైన ఉన్నత విద్యాసంస్థలు మాత్రమే క్రెడిట్లు జమ చేయగలవు. విద్యార్థి తన చేత్తో వేసుకునేది కాదు. జమ అయినవి కూడా గరిష్ఠంగా ఏడేళ్ళే నిలుస్తాయి.

మీరు పైమెట్టు మీద నిలబడి కింది మెట్టు లేదని ఇప్పుడు గమనించారు. ముందు ఇంటర్. జాతీయ సార్వత్రిక పాఠశాల, అదే నియోస్, లేదా ఆంధ్ర సార్వత్రిక పాఠశాల ద్వారా పనిచేసుకుంటూనే రాయవచ్చు. ఆ తరువాత ఇగ్నోలో బి.ఏ. అది పూర్తయ్యేదాకా వేదాంతం ఆగిపోనక్కరలేదు. బెంగళూరులోనే టాఫ్టీ అనే సంస్థ ఉంది, 1971 నుంచి ఇంటి దగ్గర చదువుకునేవారికి పాఠాలు నడుపుతోంది, తెలుగులో కూడా. 2022 ఏప్రిల్‌లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి అనుమతి ఇచ్చింది. కాబట్టి ఇప్పుడు సెమినరీలో చేరే పిల్లలు ఎవరైనా ఈ వరుస చదువుతుంటే, పక్కన దూరవిద్యలో బి.ఏ. కూడా మొదలుపెట్టండి. నా రోజుల్లో అలా కుదరక ఎంతమంది వెనక్కి వెళ్ళారో నాకు తెలుసు.

పదోతరగతి_పాసు | బుధవారం, సాయంత్రం 7:52

నాకు 34 ఏళ్ళు. ఇప్పుడు ఇంటర్ పరీక్ష హాల్లో కూర్చోవాలా?

సువార్త_సైకిల్ | బుధవారం, రాత్రి 8:10

బ్రదర్, నేను 41వ ఏట స్కూటరు నేర్చుకున్నాను, పేరులో సైకిలే మిగిలింది. కూర్చోండి. నేను ప్రార్థన చేస్తాను. ఫీజు కట్టే రోజున ఫోను చేయండి.

శుభవార్త_అడ్మిషన్స్ | గురువారం, ఉదయం 9:00

మిత్రులారా, ఎందుకీ శ్రమ? చెన్నైలోని మా విద్యాసంస్థ మీ పాత క్రెడిట్లు మొత్తం, 96కు 96, ఒప్పుకుంటుంది. పది నెలల్లో ఎం.డివ్., ఇంకో ఏడాదిలో డాక్టరేట్. ఫీజు 60 వేలు, వాయిదాలు ఉన్నాయి. ఇంటి నుంచే చదవవచ్చు. స్నాతకోత్సవం ఖర్చు అదనం. [నిర్వాహకుడు ఈ సందేశంలోని సంస్థ పేరును, ఫోను నంబరును తొలగించారు]

నిప్పులాంటి_నిజం | గురువారం, ఉదయం 9:04

అక్కగారూ, దీన్ని ఏ గాట కట్టమంటారు?

కమ్మనహళ్ళి_అక్క | గురువారం, ఉదయం 9:20

దీన్ని మీ గాటనే కట్టండి, నాకు అభ్యంతరం లేదు. ఒక్క కాగితం చూడకుండా, ఒక్క ప్రశ్న అడగకుండా 96 ఒప్పుకునేవాళ్ళకు ఆ 96 మీద గౌరవం లేదని అర్థం. రేపు వాళ్ళ దగ్గర తీసుకున్నవి కూడా ఇలాంటి ఇంకో చోట మాత్రమే చెల్లుతాయి. నాలుగు సంస్థలు ఒకదాని కాగితం ఒకటి ఒప్పుకుంటూ గుండ్రంగా తిరుగుతాయి. విద్యార్థి మాత్రం ప్రతి చుట్టుకూ ఫీజు కడతాడు.

అయనావరం_మామయ్య | గురువారం, మధ్యాహ్నం 12:40

చెన్నై పేరు చెడగొట్టకండి, ఇక్కడ మంచి దారులు కూడా ఉన్నాయి. మద్రాసు విశ్వవిద్యాలయంలోనే క్రైస్తవ అధ్యయన శాఖ ఉంది, ఎం.ఏ. చేయవచ్చు. మైసూరు విశ్వవిద్యాలయంలోనూ అలాంటి శాఖ ఉంది. రెండు చోట్లా ముందు అడిగేది గుర్తింపు ఉన్న డిగ్రీ. మళ్ళీ అబ్బాయి బి.కాం.కే వచ్చాం.

నేను సైన్యంలో పనిచేశాను కాబట్టి ఇంకొకటి చెబుతాను. సైన్యంలో మతబోధకుల ఉద్యోగాలుంటాయి. పాద్రీ పోస్టుకు ఏ సబ్జెక్టులోనైనా డిగ్రీ కావాలి, సంఘ అధికారుల చేత అభిషేకం పొంది ఉండాలి, స్థానిక బిషప్పు ఆమోదించిన జాబితాలో పేరుండాలి. మా యూనిట్ పాద్రీ గారు చేసింది చరిత్రలో డిగ్రీ. బి.డి. చదివానని ఆయన చెబితే మా సుబేదారు, మద్యం తాగని మనిషి బీడీ ఎందుకు కాలుస్తాడని చాలా రోజులు మథనపడ్డాడు.

డల్లాస్_బాబాయి | గురువారం, రాత్రి 8:35

ఏ.టి.ఏ. గురించి చిన్న జాగ్రత్త. ఆ అసోసియేషన్‌లో సభ్యత్వం వేరు, కోర్సుకు గుర్తింపు వేరు. ఒక కళాశాల డిప్లొమాకు గుర్తింపు ఉండి, దాని ఎం.డివ్.కు ఉండకపోవచ్చు. బ్రోచర్‌లో "సభ్యులం" అని ఉంటే సంతోషపడి ఊరుకోకండి. ఏ కోర్సుకు, ఏ సంవత్సరం దాకా అన్నది నేరుగా ఏ.టి.ఏ.నే అడగండి. ఒక్క ఈమెయిల్ చాలు.

కొత్తనూరు_విద్యార్థి | ఆదివారం, రాత్రి 9:30

నాన్నకు ఫోను చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "చదివింది తలలో ఉందా లేదా?" అన్నారు. కొంత ఉంది అన్నాను. "ఆ కొంత పట్టుకుని వెళ్ళు" అన్నారు. ఆ తరువాత చెరువులో ఏరియేటర్ చెడిపోయిందని ఆ గొడవ చెప్పి పెట్టేశారు.

శనివారం పాత సెమినరీకి వెళ్ళాను. సిలబస్ కాపీలు కావాలంటే, సబ్జెక్టుకు 500 చొప్పున కట్టమన్నారు. 32 సబ్జెక్టులకు 16 వేలు. సిలబస్ ఫైలు చూపించమంటే కంప్యూటర్ పాడైందన్నారు. గ్రీకు సార్‌ను అడుగుదామని హొసూరు వెళ్ళాను. ఆయన అక్కడ మానేసి ఏడాదయిందట. అప్పటికప్పుడు భోజనాల బల్ల మీద తెల్లకాగితాలు పరిచి, రెండు సెమిస్టర్లలో ఏ వారం ఏ పాఠం చెప్పారో గుర్తు తెచ్చుకుని తన చేత్తో రాసి ఇచ్చారు. మొదటి సెమిస్టరుకు ఎన్ని గంటలు అన్నచోట 28 అనే రాశారు. "45 అని రాయమంటావా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే, "వద్దులే, నిన్ను గ్రీకులో అడిగితే తెలిసిపోతుంది" అని నవ్వారు.

పాత_ఫైళ్ళు | ఆదివారం, రాత్రి 9:50

ఆ కాగితం లామినేషన్ చేయించకు, జిరాక్స్ తీసుకో. మిగతా 30 సబ్జెక్టులకు ఒక్క రూపాయి కూడా కట్టకు. ఏవి గట్టిగా వచ్చో అవే అడుగు. అన్నీ అడిగినవాణ్ణి ఎవరూ నమ్మరు.

కొత్తనూరు_విద్యార్థి | మూడు వారాల తరువాత, శుక్రవారం, సాయంత్రం 5:15

ఆలస్యానికి క్షమించండి. ఈసారి బి.కాం. పట్టా పైన పెట్టి, సంఘం లేఖతో వెళ్ళాను. కౌంటరులో అదే మేడమ్. ముద్ర గురించి అడగలేదు. ప్రవేశ పరీక్ష రాశాను, ఇంటర్వ్యూ అయింది, సీటు వచ్చింది. మొదటి ఏడాదిలోనే.

మినహాయింపు కోసం గ్రీకు, ప్రసంగ శాస్త్రం, రెండే అడిగాను. గ్రీకుకు విడిగా పరీక్ష పెట్టారు. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో అయిదు వచనాలు ఇచ్చి, ప్రతి క్రియకూ కాలం, పురుష, ఏకవచనమో బహువచనమో రాయమన్నారు. మొదటి వచనంలో ఒకే క్రియ మూడుసార్లు వస్తుంది, దాని దగ్గర చెయ్యి వణకలేదు. అయిదో వచనంలో "చీకటి దాని గ్రహింపకుండెను" అని మన బైబిల్లో ఉన్న చోట ఆ క్రియకు ఇంకో అర్థం కూడా ఉంటుందని శనివారం తరగతిలో సార్ చెప్పారు. చీకటి దాన్ని లొంగదీయలేకపోయింది అని. రెండు అర్థాలూ రాశాను. దిద్దిన ఉపాధ్యాయుడు "ఇది ఎవరు చెప్పారు?" అని అడిగి, సార్ పేరు చెబితే నోట్ చేసుకున్నారు.

మొదటి ఏడాది గ్రీకు వదిలేశారు, నేరుగా రెండో ఏడాది తరగతిలో కూర్చోమన్నారు. ప్రసంగ శాస్త్రం ఒప్పుకోలేదు. నా మాదిరి ప్రసంగం విని, "మళ్ళీ నేర్చుకోవడమే మంచిది" అన్నారు. ఆ మాట నిజమే. 96లో లెక్కకు వచ్చినవి ఆరు.

నిప్పులాంటి_నిజం | శుక్రవారం, సాయంత్రం 5:40

సున్నా అన్నాను, ఆరు వచ్చాయి. ఆరు తప్పు ఒప్పుకుంటున్నాను. అభినందనలు తమ్ముడూ.

పదోతరగతి_పాసు | శుక్రవారం, సాయంత్రం 6:25

సంతోషం బ్రదర్. నేను నియోస్‌లో పేరు నమోదు చేయించుకున్నాను. పాస్టర్ గారు ఫీజులో సగం కట్టారు, వద్దన్నా వినలేదు.

కొత్తనూరు_విద్యార్థి | శుక్రవారం, రాత్రి 9:02

అందరికీ వందనాలు. ఇక ఒక్కటే చిక్కు. రెండో ఏడాది గ్రీకుకు పెద్ద నిఘంటువు కావాలట, కొత్తది కొనే స్థితిలో లేను. పాతది ఎవరి దగ్గరైనా ఉందా?

కమ్మనహళ్ళి_అక్క | శుక్రవారం, రాత్రి 9:20

నాది ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక లింగరాజపురం రా, తీసుకొస్తాను. అట్ట ఊడింది, ఆల్ఫా దగ్గర నాలుగు పేజీలు మా పాప చింపేసింది. అంచుల్లో నేను పెన్సిలుతో రాసుకున్నవి ఉంటాయి, వాటిని మాత్రం చెరపకు.